పురిటిగదికి పేరిచ్చిన యువరాణి

యాకుత్‌పురా గల్లీల్లో పసిబిడ్డ రాత్రిపూట ఏడుపు ఆపకపోతే పెద్దవాళ్లు ముందు తమకు తెలిసిన వైద్యం చేస్తారు. బొడ్డు చుట్టూ ఇంగువ రాస్తారు. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తారు. మసీదు దగ్గరికి తీసుకెళ్లి ఊదించుకొస్తారు. అప్పటికీ బిడ్డ పాలు పట్టకపోతే ఇక ఒకటే మాట... నిలోఫర్‌కు పదండి అంటారు. ఆటో పిలుస్తారు. దబీర్‌పురా, పురానీ హవేలీ, నయాపూల్ దాటి, మూసీ అవతల రెడ్‌హిల్స్ దాకా ఆరేడు కిలోమీటర్లు. మొదటి బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఆ ఆరేడు కిలోమీటర్లూ ఎంత దూరమో చెప్పక్కర్లేదు.

ఇంతకీ నిలోఫర్ అంటే ఏమిటి? ఆసుపత్రి అని కొందరు, ఆ పక్కనే చాయ్, ఉస్మానియా బిస్కట్లు అమ్మే హోటల్ అని కొందరు చెబుతారు. నిలోఫర్ అంటే కలువపువ్వు. ఆ పేరు పెట్టుకున్న మనిషి ఒకామె ఉండేదని, ఆమె ఈ ఊరి కోడలని, అందగత్తె అని, పిల్లలు కలగలేదని తెలిసినవాళ్లు తక్కువ. వేల మంది తల్లులు పసిగుడ్డులను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చే ఆసుపత్రికి బిడ్డను ఎత్తుకోని ఒక యువరాణి పేరు ఎలా వచ్చింది? ఆ కథే ఇది.

సింహాసనం పోయిన ఇంట్లో...

నిలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లో పుట్టింది. తల్లి ఆదిలే సుల్తాన్. ఒట్టోమన్ చక్రవర్తి ఐదో మురాద్‌కు మనవరాలు. ఆ మురాద్ గారి రాజ్యం 1876లో కేవలం 93 రోజులు నడిచింది. మతి స్థిమితం లేదని గద్దె దించి, చనిపోయేదాకా ఒక మహల్లోనే ఉంచేశారు. అలాంటి వంశంలో పుట్టిన పిల్లకు రెండేళ్లకే తండ్రి పోయాడు. తల్లే అన్నీ.

1924 మార్చిలో టర్కీ కొత్త ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దు చేసింది. రాజవంశం వాళ్లంతా దేశం విడిచి పోవాలంది. ఎనిమిదేళ్ల నిలోఫర్ తల్లి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. చివరికి ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న నీస్ పట్టణం చేరారు. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూడా అక్కడే తలదాచుకున్నాడు. పేరుకు రాజకుటుంబమే కానీ ఇల్లు గడవాలి కదా! ఆ ఖలీఫాకు నెలనెలా డబ్బు పంపిన వాళ్లలో ముఖ్యుడు మన హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. నెలకు 300 పౌన్లు. సొంత ఖర్చు దగ్గర పిసినారి అని నిజాం మీద నూటొక్క కథలున్నాయి. ఆ కథలు చెప్పేవాళ్లు ఈ 300 పౌన్ల సంగతి ఎందుకో మర్చిపోతుంటారు.

ఆ సంబంధమే తర్వాత వియ్యానికి దారి తీసింది. ఖలీఫా కూతురు దుర్రె షెహ్వార్‌ను నిజాం పెద్ద కొడుకు ఆజం జాకు ఇవ్వాలని, దగ్గరి బంధువు నిలోఫర్‌ను రెండో కొడుకు మొఅజ్జం జాకు ఇవ్వాలని మాట్లాడుకున్నారు. మధ్యవర్తిగా నడిచింది ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు మౌలానా షౌకత్ అలీ. 1931 నవంబర్ 12న నీస్‌లోనే రెండు పెళ్లిళ్లూ జరిగాయి. దుర్రె షెహ్వార్‌కు పదిహేడేళ్లు. నిలోఫర్‌కు పదహారు ఇంకా నిండలేదు. ఆ వయసులో మన పిల్లలు పదో తరగతి పరీక్షల బెంగలో ఉంటారు.

పిల్స్నా అనే ఓడలో కొత్త దంపతులు బయల్దేరారు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని గాంధీజీ ఇంటికొస్తున్నది కూడా అదే ఓడలో. డిసెంబర్ 28న బొంబాయిలో దిగారు. అక్కణ్నించి హైదరాబాద్. 1932 జనవరి మొదట్లో చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి విందు. చార్మినార్ పక్క వీధుల్లో జనం ఈ ఇద్దరు తుర్కీ కోడళ్ల గురించే చెప్పుకున్నారు. పరదా పాటించని కోడళ్లు మరి! సభల్లోకి వచ్చారు, క్లబ్బులకు వెళ్లారు, టెన్నిస్ కోర్టుల దగ్గర కనిపించారు. లోపల జనానాలో ఎంతమంది ముక్కున వేలేసుకున్నారో గానీ, చదువుకోవాలనుకునే ఆడపిల్లలకు మాత్రం వీళ్లను చూస్తే ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

పుట్టింటి పురుడు

నిలోఫర్ కాపురం హిల్ ఫోర్ట్ ప్యాలెస్‌లో. సర్ నిజామత్ జంగ్ కట్టించుకున్న ఇల్లది. నిజాం కొని రెండో కొడుక్కి ఇచ్చాడు. మొఅజ్జం జా గారు నగరాభివృద్ధి బోర్డు అధ్యక్షుడు. అబిడ్స్ దగ్గర ఇప్పటికీ ఆయన పేరుతో రాతి మార్కెట్ ఉంది, అదే మొఅజ్జం జాహీ మార్కెట్. ఆయనకు కవిత్వం పిచ్చి. రాత్రంతా ముషాయిరాలు, తెల్లారాక నిద్ర. అలాంటి ఇంట్లో పదహారేళ్ల పిల్ల ఏం చేస్తుంది? చీర కట్టుకోవడం నేర్చుకుంది. ఎంతలా నేర్చుకుందంటే, బొంబాయిలో ప్రత్యేకంగా చేయించుకున్న ఆమె చీరల అంచుల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. వాటిలో కొన్ని న్యూయార్క్‌లోని ఒక మ్యూజియం దాకా వెళ్లాయి. ఫోటోల్లో చూస్తే తుర్కీ పిల్ల అంటే నమ్మబుద్ధి కాదు.

పెళ్లయిన రెండేళ్లు తిరక్కుండానే తోడికోడలు దుర్రె షెహ్వార్ నెల తప్పింది. కాన్పు ఎక్కడ? మన తెలుగిళ్లల్లో మొదటి పురుడు పుట్టింట్లో పోస్తాం కదా. ఆమెకూ అంతే. ఖలీఫా గారు ఉండేది నీస్‌లో కనుక అక్కడే, 1933 అక్టోబర్ 6న కొడుకు పుట్టాడు. అతనే ముకర్రం జా. తర్వాత 1967లో ఎనిమిదో నిజాం అయినవాడు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడి మనవడే అయినా, పుట్టిన బిడ్డకు కావాల్సింది తల్లి పక్కన వెచ్చటి చోటు, కడుపు నిండా పాలు. ఆ రెండూ రాజుకైనా పేదకైనా ఒకటే. 1939లో దుర్రె షెహ్వార్‌కు రెండో కొడుకు ముఫఖ్ఖం జా పుట్టాడు.

ఈలోగా హిల్ ఫోర్ట్ ప్యాలెస్‌లో ఊయల కట్టలేదు.

ఇక్కడ మన ఆడవాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఏడాది గడిస్తే విశేషం ఏమైనా ఉందా అని అడుగుతారు. రెండేళ్లు గడిస్తే అడగడం మానేసి చూడ్డం మొదలెడతారు. ఆ చూపే బాధ. పేదింటి కోడలికి నాలుగిళ్ల చూపులు, నిలోఫర్‌కు సంస్థానమంతటి చూపులు. పైగా ఒకే రోజు పెళ్లయి, ఒకే ఓడలో వచ్చిన తోడికోడలి కొడుకు కళ్ల ముందు ఆడుకుంటున్నాడు. నిలోఫర్ యూరప్ వెళ్లి పెద్దపెద్ద డాక్టర్లకు చూపించుకుంది. ఫలితం లేదు. సంతానం కోసం డాక్టరు దగ్గరికి ఆలుమగలిద్దరూ వెళ్లాలి. దాదాపు సగం జంటల్లో మగవాళ్ల వైపు నుంచీ ఏదో కారణం ఉంటుందని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు. ఆ రోజుల్లో ఆ ఆలోచనే లేదు. ఇప్పుడు మాత్రం ఎన్ని ఇళ్లల్లో ఉంది చెప్పండి?

ఆమె ఇంట్లో ముడుచుకుని కూర్చోలేదు. మహిళా సంఘాల పనుల్లో తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు నర్సు శిక్షణ తీసుకుంది, సహాయ కార్యక్రమాల్లో పాల్గొంది. యువరాణి కట్లు కట్టడం, జ్వరం చూడ్డం నేర్చుకోవడం అప్పట్లో చిన్న సంగతి కాదు. నర్సు పనంటే తక్కువ చూపు చూసే కాలం. తర్వాత జరిగిందానికి ఈ నర్సు శిక్షణకు సంబంధం ఉందనే నాకనిపిస్తుంది. కాన్పులో ఆడది ఎందుకు చనిపోతుందో, అందులో ఎన్ని చావులు ఆపగలిగినవో ఆస్పత్రి గదిలో నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఒక దాసీ చావు

1948లో రెండు సంగతులు జరిగాయి. సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. అదే సంవత్సరం మొఅజ్జం జా రజియా బేగంను రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు వరసగా ఆడపిల్లలు కలిగారు. పదిహేడేళ్ల కాపురం తర్వాత నిలోఫర్ హైదరాబాద్ వదిలి, మళ్లీ తల్లి ఉన్న ఫ్రాన్స్‌కు చేరింది.

ఇక 1949. నిలోఫర్‌కు చాలా ఇష్టమైన దాసీ ఒకామె కాన్పులో చనిపోయింది. సరైన వైద్యం అందక పోయింది. రాజుగారింట్లో పనిచేసే మనిషికే ఆ గతి పడితే ఊళ్లో మిగతా ఆడవాళ్ల సంగతేమిటి?

హైదరాబాద్‌లో ఆసుపత్రులే లేవని కాదు. మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లోనే పునాది రాయి పడింది. ఉస్మానియా ఆసుపత్రి భవనం 1925 నాటికే ఉంది. అంతకు ముందే 1880ల చివర్లో క్లోరోఫాం మీద పరీక్షలు చేసి ప్రపంచాన్ని ఆకర్షించిన ఊరిది. అయితే ఏం లాభం? పాతబస్తీలో కాన్పు అంటే ఇంట్లోనే. చీకటి గది, మూసిన కిటికీలు, దాయీ అనే మంత్రసాని. ఆమె అనుభవం గొప్పదే, చేతులు మాత్రం సబ్బుతో కడిగేది కాదు. రక్తం ఆగకపోతే ఏం చెయ్యాలో ఆమెకు తెలీదు. బిడ్డ అడ్డం తిరిగితే తెలీదు. నెలలు నిండుతుండగా కాళ్లు వాచి, తల పగిలిపోతోందని చెప్పి ఫిట్స్ వస్తే, పల్లెల్లో గుర్రపువాతం అనేవాళ్లు, దయ్యం పట్టిందనేవాళ్లు. మగ డాక్టరును లోపలికి రానివ్వరు. లేడీ డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఆడది గడప దాటాలంటే ఇంటి మగాడు ఒప్పుకోవాలి, పరదా బండి దొరకాలి. ఈ మధ్యలోనే ప్రాణం పోయేది.

దాసీ కబురు విన్న నిలోఫర్ తల్లడిల్లిపోయింది. ఇంకో తల్లి ఇలా చనిపోకూడదని మామగారికి చెప్పింది. కొడుకు రెండో పెళ్లి చేసుకున్నాక కూడా ఆమె మామగారికి చెప్పగలిగింది, ఆయన వినగలిగాడు. ఈ మాటను దాటి పోబుద్ధి కావట్లేదు. ఆస్తి కోసం, భరణం కోసం మామకు కబురు పెట్టే కోడళ్ల కథలు మనకు బోలెడు. కాపురం చెదిరిపోయిన సమయంలో ఒక పనిమనిషి చావు గురించి అడిగిన కోడలు ఎక్కడుంది? ఆ మామగారూ మామూలు మామ కాదు. 1937లో టైం పత్రిక ముఖచిత్రంగా వేసిన ప్రపంచ కోటీశ్వరుడు. రాజ్యం చేజారి ఏడాదైనా కాలేదు. ఆ స్థితిలో ఆడవాళ్లకూ పిల్లలకూ ప్రత్యేకంగా ఆసుపత్రి కట్టడానికి సరేనన్నాడు.

1949లో రెడ్‌హిల్స్‌లో పని మొదలైంది. 1953లో 100 పడకలతో ఆసుపత్రి తయారైంది. మధ్యలో 1952లో నిలోఫర్, మొఅజ్జం జాల విడాకులు అయిపోయాయి. అంటే ఆసుపత్రి తలుపులు తెరిచేనాటికి ఆమె ఆ ఇంటి కోడలు కాదు. అయినా బోర్డు మీద పేరు మారలేదు. ఆ తర్వాత రాజప్రముఖ్ పదవి పోయింది, రాష్ట్రం పేరు మారింది, మళ్లీ మారింది. నిలోఫర్ మాత్రం నిలోఫరే. ఆ దాసీ పేరు ఏ గోడ మీదా లేదు. లేకపోవడం నాకు కాస్త కష్టంగానే ఉంటుంది.

ముర్రుపాలు, తేనె చుక్క, సాంబ్రాణి పొగ

ఆసుపత్రి కట్టినంత మాత్రాన పురిటి భయాలు పోతాయా? యాకుత్‌పురాలాంటి చోట మొదటిసారి తల్లైన పిల్లను చూడండి. ఆరో రోజు ఛటీ. నలభై రోజులు చిల్లా. అన్ని రోజులూ గది దాటనివ్వరు. పక్కింటి తెలుగు వాళ్లింట్లో పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు ఊయల. పేర్లు వేరు గానీ పచ్చి బాలింతకు ఇద్దరూ ఇచ్చేది ఒకటే... విశ్రాంతి, వెచ్చదనం, నెయ్యి కలిపిన అన్నం, పక్కన ఒక పెద్ద దిక్కు. ఇందులో మంచి చాలా ఉంది. రాత్రి పన్నెండింటికి లేచి బిడ్డను పట్టుకునే అత్తో అమ్మో ఉంటే, కొత్త తల్లి కాస్త కునుకు తీస్తుంది. ఫ్లాట్లలో ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న మన అమ్మాయిల్ని అడగండి, ఆ కునుకు విలువ చెబుతారు.

కానీ కొన్ని అలవాట్లు ప్రాణం మీదకి తెస్తాయి. కాన్పు కాగానే వచ్చే చిక్కటి పసుపు రంగు ముర్రుపాలు పిండి పారబోసేవాళ్లు. చెడ్డ పాలనేవాళ్లు. బిడ్డకు అంతకు మించిన మందు లేదు. రోగాలు తట్టుకునే శక్తి దాంట్లోనే ఉంటుంది. పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. ఆపరేషన్ అయినా సరే, పక్కన ఎవరైనా సాయం పట్టుకుంటే చాలు. నాలుక మీద తేనె చుక్క రాయడం, గుట్టీ పట్టించడం రెండు మతాల్లోనూ ముచ్చటే. ఏడాది నిండని బిడ్డకు తేనె మంచిది కాదని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటున్నారు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసికడుపులో విషం తయారు చేయగలదు. ఆరు నెలలూ తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. మే నెల ఎండల్లో దాహం వేయదా అని అమ్మమ్మలు అడుగుతారు. వేస్తుంది. ఇంకోసారి పాలు పట్టమని జవాబు.

బొడ్డుకు ఏమీ రాయకూడదు. పసుపు, బూడిద, కొబ్బరినూనె ఏదీ వద్దు. పొడిగా వదిలేస్తే ఎండి అదే ఊడిపోతుంది. ముక్కులో, చెవుల్లో నూనె పోయకూడదు. సాంబ్రాణి పొగ జుట్టుకు పట్టించుకోవాలని తల్లికి ఉంటే ఉండనివ్వండి, బిడ్డను ఆ గదిలోంచి తీసేయండి. కాటుక కంటి లోపల పెట్టకండి. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోవచ్చు, దానికెవరి అభ్యంతరమూ ఉండదు!

భయపడాల్సినవి ఏవో, అక్కర్లేనివి ఏవో తెలియకపోవడమే మొదటిసారి తల్లైనవాళ్ల అసలు బాధ. మూడో రోజు బిడ్డ కాస్త పచ్చబడటం చాలామందిలో మామూలే, అయినా డాక్టరుకు ఒకసారి చూపించాలి. పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోనే పచ్చబడినా, అరచేతులు అరికాళ్ల దాకా పసుపు దిగినా ఆలస్యం చేయకూడదు. బిడ్డ పాలు చీకడం మానేసినా, చల్లబడినా, ఒళ్లు కాలినా, నిమిషానికి అరవై సార్ల కంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా, ఎంత లేపినా లేవకపోయినా... ఇక దిష్టి తీయడం ఆపి ఆటో పిలవాలి. తల్లి సంగతీ అంతే. బట్ట మీద బట్ట తడిసిపోతున్నా, వణుకుతో జ్వరం వచ్చినా, తలనొప్పితో కళ్లు మసకబారినా అది నీరసం అని సరిపెట్టుకోవద్దు. ఆ దాసీ నాటికి ఈ లెక్కలు తెలిసిన మనిషి పక్కన లేకపోయింది.

పుట్టిన బిడ్డ బరువు తక్కువైతే పూర్వం దూదిలో చుట్టేవాళ్లు. ఇప్పుడు తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనించి కట్టుకోమంటున్నారు. కంగారూలా అన్నమాట. తల్లి ఒంటి వేడే పెట్టె. తండ్రి కూడా కట్టుకోవచ్చు. పాతబస్తీ మగవాళ్లు దీనికి మొదట సిగ్గుపడతారు. తర్వాత వాళ్లే దించరు. తల్లికి పాలు పడని పసికందుల కోసం 2017లో నిలోఫర్‌లో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు వచ్చింది. పాలు ఎక్కువున్న తల్లి ఇస్తే, శుభ్రం చేసి, నెలలు నిండని ఇంకో తల్లి బిడ్డకు పడతారు.

లెక్క ఒకటి చెప్పుకోవాలి. 2018-20 నాటి ప్రభుత్వ లెక్కల్లో, పుట్టిన లక్ష మంది బిడ్డలకు దేశం మొత్తం మీద 97 మంది తల్లులు చనిపోతే, తెలంగాణలో 43 మంది. సగానికన్నా తక్కువ. ఆ నలభై ముగ్గురూ ఎవరో ఒకరింటి పిల్లలే అనుకోండి.

యాకుత్‌పురాలో తోడికోడలి గుర్తు

మూసీకి ఇవతల కథ కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. యాకుత్‌పురాకు కూతవేటు దూరంలో, ఏడో నిజాం పుట్టిన పురానీ హవేలీ దగ్గరే దుర్రె షెహ్వార్ పేరుతో పిల్లల ఆసుపత్రి ఉంది. యాకుత్‌పురాలోని బాగే జహానారాలో ఆడపిల్లల జూనియర్ కాలేజీ కూడా ఆమె ఇచ్చిన డబ్బుతో నడిచినదే, ఆమె పేరు పెట్టుకున్నదే. ఆమె 2006లో లండన్‌లో కన్నుమూసింది. ఒకే రోజు పెళ్లికూతుళ్లయిన ఇద్దరు తోడికోడళ్లు. ఒకరికి ఇద్దరు కొడుకులు, ఒకరికి ఎవరూ లేరు. ఊళ్లో ఇద్దరి పేర్లూ పిల్లల ఆసుపత్రుల మీదే మిగిలాయి. పాతబస్తీ తల్లులకు ఈ తేడా అవసరమే లేదు. దగ్గర్లో తగ్గితే దుర్రె షెహ్వార్, తగ్గకపోతే నిలోఫర్, కాన్పుకైతే పేట్లబుర్జు జచ్గీఖానా... వాళ్ల లెక్క అది.

100 పడకలతో మొదలైన నిలోఫర్ ఇప్పుడు వెయ్యి దాటింది. అయినా ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పడుకోబెట్టిన రోజులు ఉన్నాయి. వర్షాకాలం వస్తే ఆవరణంతా చాపలు, ఫ్లాస్కులు, ఎదురుచూసే నానమ్మలు. జిల్లాల నుంచే కాదు, కర్ణాటక, మహారాష్ట్రల సరిహద్దు ఊళ్ల నుంచీ వస్తారు. ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదువుకున్న పిల్లల డాక్టర్లలో చాలామంది పసిబిడ్డ చేతికి సూది గుచ్చడం నేర్చుకున్నది ఇక్కడే. తప్పుల గురించి పత్రికల్లో రాయాల్సి వచ్చినప్పుడూ రాశారు, రాయాల్సిందే. కానీ జేబులో రూపాయి లేని తల్లి ఏ అర్ధరాత్రయినా లోపలికి నడిచి వెళ్లగలిగే గేటు అది.

పారిస్‌లో...

విడాకుల తర్వాత నిలోఫర్ పారిస్‌లో ఉండిపోయింది. వయసు ముప్ఫయ్యారు. అందం చెక్కుచెదరలేదు. సినిమాల్లోకి రమ్మన్నారని కూడా చెప్పుకుంటారు. ఆమె వెళ్లలేదు. పదకొండేళ్లు ఒంటరిగానే ఉంది. 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను పెళ్లి చేసుకుంది. ఈసారి ఎవరూ కుదిర్చింది కాదు, తానే ఎంచుకుంది. నలభై ఏడేళ్ల వయసులో, రాజ్యమూ పిల్లలూ అనే పద్దులేవీ లేకుండా, ఒక మనిషి తోడు కోసం చేసుకున్న పెళ్లి. మన దగ్గర ఆ వయసు ఆడది మళ్లీ పెళ్లి అంటే ఏమంటారో మీకు తెలుసు. ఆమె ఆ లెక్కలు దాటిపోయింది. ఇరవై ఆరేళ్లు ఆ కాపురం నిలిచింది.

హైదరాబాద్‌లో ఈలోగా ఎన్నో జరిగాయి. మామగారు 1967లో పోయారు. మొఅజ్జం జా 1987లో పోయాడు. ఆమె కాపురం చేసిన హిల్ ఫోర్ట్ ప్యాలెస్ కొన్నాళ్లు రిట్జ్ అనే హోటల్‌గా నడిచి, తర్వాత మూతపడింది. ఆమె తిరిగిన తోటలో గడ్డి మొలిచింది. కానీ అక్కడికి దగ్గర్లోనే, రెడ్‌హిల్స్ గేటు ముందు, ప్రతి తెల్లవారుజామునా ఆటోలు ఆగుతూనే ఉన్నాయి. చేతిలో గుడ్డ చుట్టిన బిడ్డ, వెనకాల పాలసీసా పట్టుకుని పరుగెత్తే పెద్దావిడ, డబ్బులు లెక్కపెట్టుకునే తండ్రి. వాళ్లలో ఎవరైనా ఆమెను చూడలేదు. ఆమె వాళ్లను చూడలేదు.

1989 జూన్ 12న నిలోఫర్ పారిస్‌లో కన్నుమూసింది. ఊరి పక్కన బోబినీలో ముస్లింల శ్మశానం ఉంది. ఎనిమిదేళ్ల వయసులో ఏ చెయ్యి పట్టుకుని ఇస్తాంబుల్ దాటిందో, ఆ తల్లి ఆదిలే సుల్తాన్ సమాధి అక్కడే ఉంది. దాని పక్కనే నిలోఫర్‌నూ పడుకోబెట్టారు.